పీ వాల్యూ 0.06 వస్తే రెండు గ్రూపుల యావరేజ్‌లకి తేడా లేదని రాసేయొచ్చా?

ఫార్మ్‌డీ_బ్యాక్‌బెంచ్:

అందరికీ నమస్తే. బయోస్టాట్ రికార్డు రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయా, స్టాట్స్ తెలిసినోళ్లు కొంచెం చూసి చెప్పండి ప్లీజ్. మా సర్ ఒక టేబుల్ ఇచ్చారు, ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే టూత్‌గ్రోత్ అనే డేటా నుంచి తీసిందంట. మొత్తం 60 గినీ పిగ్స్, సగానికి ఆరెంజ్ జ్యూస్ ద్వారా విటమిన్ సి ఇచ్చారు, మిగతా సగానికి నేరుగా ఆస్కార్బిక్ యాసిడ్ ఇచ్చారు, తర్వాత పళ్లు పెరగడానికి కారణమయ్యే ఒడాంటోబ్లాస్ట్ కణాల పొడవు కొలిచారు. మాకిచ్చిన టేబుల్ ఇంతే:

జ్యూస్ గ్రూప్: జంతువులు 30, మీన్ (సగటు) 20.66, ఎస్డీ (స్టాండర్డ్ డీవియేషన్, నంబర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో ఆ కొలత) 6.61
యాసిడ్ గ్రూప్: జంతువులు 30, మీన్ 16.96, ఎస్డీ 8.27

రెండు మీన్‌లకి తేడా ఉందో లేదో టెస్ట్ చేసి కంక్లూజన్ రాయమన్నారు. పైథాన్‌లో సైపై అనే లైబ్రరీ వాడి ఈ ఆరు నంబర్లూ ఇస్తే టీ 1.914, పీ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనబడే అవకాశం) 0.0605 వచ్చింది. పుస్తకం ప్రకారం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వేచ్ఛగా మారగలిగే విలువల సంఖ్య) 30 ప్లస్ 30 మైనస్ 2, అంటే 58. కానీ నా రూమ్మేట్ ఆర్‌లో మొత్తం డేటా పెట్టి చేస్తే వాడికి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 55.309 అని వచ్చింది, పీ 0.0606. అసలు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో పాయింట్లు రావడమేంటో అర్థం కాలేదు. సర్‌ని అడిగితే ఏదైనా ఒకటే, 0.05 దాటింది కదా, తేడా లేదు అని రాసేయ్ అన్నారు. కానీ 20.66 కీ 16.96 కీ మధ్య 3.7 ఉంది, చూస్తే చిన్న తేడాలా లేదు, తేడా లేదు అని చేత్తో రాయాలంటే మనసొప్పట్లేదు. ఎవరు రైటు?


కాకినాడ_కాజా:

ముందు ఒకసారి పేపర్ మీద చేసి చూడండి, సగం డౌట్లు అక్కడే పోతాయి. ఎస్డీలని స్క్వేర్ చేస్తే వేరియన్స్‌లు, దాదాపు 43.7, 68.4. ఒక్కోదాన్ని 30తో భాగిస్తే 1.46, 2.28. కలిపితే 3.74, దాని వర్గమూలం 1.93. ఇదే మీ తేడాకి స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఇంత సైజు శాంపిల్స్ మళ్లీ మళ్లీ తీస్తే రెండు మీన్‌ల మధ్య తేడా మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో ఆ కొలత అన్నమాట. 3.7ని 1.93తో భాగిస్తే మీ టీ వచ్చేసింది.

ఇప్పుడు 58 సంగతి. 58 వచ్చేది పాత స్టూడెంట్ టెస్ట్‌లో, అది రెండు పాపులేషన్ల వేరియన్స్ ఒకటే అనుకుని రెండింటినీ పూల్ చేస్తుంది, అంటే కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. 55.309 వచ్చేది వెల్చ్ టెస్ట్, వేరియన్స్‌లు వేరే అయినా పర్లేదు అంటుంది, దానికి బదులుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ని డేటా నుంచే లెక్కగట్టి కొంచెం తగ్గిస్తుంది, అందుకే పాయింట్లు. ఆర్‌లో డిఫాల్ట్ వెల్చ్, సైపైలో డిఫాల్ట్ పూల్డ్, ఈక్వల్ వేరియన్స్ అనే ఆప్షన్‌కి ఫాల్స్ ఇస్తే మీకూ దాదాపు 0.0606 వస్తుంది. మీ రూమ్మేటూ మీరూ ఇద్దరూ కరెక్టే, అడిగిన ప్రశ్న కొంచెం తేడా అంతే. రెండు గ్రూపుల్లోనూ 30 చొప్పునే ఉన్నాయి కాబట్టి టీ మాత్రం రెండింట్లోనూ అచ్చం ఒకటే వస్తుంది, మారేది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రమే.

సంఖ్యలు సమానంగా లేనప్పుడే అసలు ప్రమాదం. చిన్న గ్రూప్‌లో చెదురు ఎక్కువుండి పెద్ద గ్రూప్‌లో తక్కువుంటే, పూల్డ్ టెస్ట్ స్టాండర్డ్ ఎర్రర్‌ని నిజం కంటే తక్కువ చేసి చూపించి, లేని తేడాని ఉందని చెప్పేస్తుంది. అందుకే నా మటుకు నేను ఎప్పుడూ వెల్చే వాడతా, ముందు వేరియన్స్‌లు సమానమా కాదా అని ఎఫ్ టెస్ట్ చేసి ఆ తర్వాత ఏ టీ టెస్టో తేల్చుకోవడం అనే రెండంచెల పద్ధతి పుస్తకాల్లో ఇంకా ఉంది గానీ దాని వల్ల ఒరిగేది లేదు.

ఇంకో చిన్న జాగ్రత్త, ఎస్డీని పైథాన్‌లోని నంపై లైబ్రరీతో లెక్కేస్తే అది డిఫాల్ట్‌గా ఎన్‌తో (శాంపిల్ సంఖ్యతో) భాగిస్తుంది, ఎన్ మైనస్ 1తో కాదు. పాండాస్ అనే ఇంకో లైబ్రరీ మాత్రం ఎన్ మైనస్ 1తోనే చేస్తుంది. సైపైకి ఇవ్వాల్సింది ఎన్ మైనస్ 1 ఎస్డీ.


ఎక్సెల్_వీరుడు:

బ్రో ఇంత ఎందుకు, రెండు వైపులా 30, 30 సమానంగా ఉన్నాయి కదా, పెయిర్డ్ టీ టెస్ట్ పెట్టెయ్, పీ ఇంకా తగ్గుతుంది, మా ప్రాజెక్ట్‌లో అందరం అదే చేశాం. ఎక్సెల్‌లో టీ టెస్ట్ ఫంక్షన్‌లో టైప్ 1 ఇస్తే చాలు.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

వీరుడు గారూ, సంఖ్యలు సమానమైనంత మాత్రాన జతలు అయిపోవు నాయనా. ఆ డేటా తెరిచి చూడండి, మొదటి వరసలో యాసిడ్ తాగిన గినీ పిగ్‌కి 4.2, 31వ వరసలో జ్యూస్ తాగిన గినీ పిగ్‌కి 15.2. ఆ జంతువు వేరు ఈ జంతువు వేరు, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు, వరసలు కలిపి కుదిపి మళ్లీ పేర్చినా డేటా అదే డేటా, కానీ మీ పెయిర్డ్ జవాబు మాత్రం పేర్చిన ప్రతిసారీ మారిపోతుంది. అలా మారే జవాబుకి అర్థమేముంది?

జతలంటే ఏమిటో చూడాలంటే అదే ఆర్‌లో స్లీప్ అనే ఇంకో డేటా ఉంది. పదిమంది రోగులు, ఒక్కొక్కరికీ రెండు నిద్రమందులూ ఇచ్చి, ఏ మందు వేసుకుంటే ఎన్ని గంటలు అదనంగా నిద్రపోయారో రాశారు. మొదటి మందుకి సగటు 0.75 గంటలు, రెండోదానికి 2.33. ఇద్దరు వేర్వేరు గుంపుల మనుషులనుకుని వెల్చ్ చేస్తే పీ 0.079, తేల్చలేం. అదే మనిషిని అదే మనిషితో పోల్చి పెయిర్డ్ చేస్తే 0.0028. ఎందుకంటే రెండో రోగికి మొదటి మందుతో నిద్ర 1.6 గంటలు తగ్గింది, ఏడో రోగికి అదే మందుతో 3.7 గంటలు పెరిగింది, మనిషికీ మనిషికీ మధ్య అంత తేడా ఉంది. కానీ ఎవరికి వాళ్లని చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి రెండో మందే మెరుగ్గా పనిచేసింది, ఐదో ఆయనకి మాత్రం రెండూ ఒకటే. మనిషికీ మనిషికీ ఉన్న ఆ చెదురుని పెయిర్డ్ టెస్ట్ తీసి పక్కన పెడుతుంది.

ఈ నిద్ర లెక్కలు వాడిందెవరో తెలుసా, టీ టెస్ట్‌కి మూలపురుషుడు విలియం సీలీ గోసెట్, 1908లో బయోమెట్రికా పత్రికలో. ఉద్యోగమేమో డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో, వాళ్లు ఉద్యోగుల్ని సొంత పేరుతో అచ్చు వేయించుకోనిచ్చేవారు కాదు, అందుకే స్టూడెంట్ అని కలం పేరు పెట్టుకున్నాడు, మనం ఈరోజుకీ స్టూడెంట్ టెస్ట్ అనే అంటున్నాం. వెల్చ్ గారిది తర్వాత, 1947.


ఫార్మ్‌డీ_బ్యాక్‌బెంచ్:

కాజా గారూ, మాస్టారూ, సూపర్ అండి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ క్లియర్ అయింది. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది, 0.06 వచ్చింది కదా, తేడా లేదు అని రాయాలా వద్దా? సర్ 0.05 దాటితే నల్ హైపోథిసిస్ (తేడా ఏమీ లేదనే ఊహ) యాక్సెప్ట్ అంటారు.


నైట్‌షిఫ్ట్_అనలిస్ట్:

యాక్సెప్ట్ అనే మాట రాయకండి, ఇది వైవాలో ఎక్స్‌టర్నల్ పట్టుకునే పాయింట్. 0.06 అంటే ఏంటి, నిజంగా జ్యూస్‌కీ యాసిడ్‌కీ తేడా ఏమీ లేకపోయినా, శాంపిల్ అదృష్టం వల్లే ఇంత లేదా ఇంతకంటే పెద్ద టీ వందలో ఆరుసార్లు ఎటో ఒకవైపు కనబడుతుంది అని, అంతే. తేడా లేదనడానికి అది సాక్ష్యం కాదు. మీ తేడాకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఈ డేటాకి సరిపోయే తేడాల పరిధి) చూడండి, మైనస్ 0.17 నుంచి 7.57 దాకా ఉంది. సున్నా అందులో ఉంది నిజమే, కానీ 7 కూడా ఉంది, జ్యూస్ వల్ల పొడవు 7 పెరగడం కూడా ఈ డేటాకి అభ్యంతరం లేని మాటే. అలాంటప్పుడు తేడా లేదు అని ఎలా రాస్తాం, ఈ శాంపిల్‌తో తేల్చలేకపోయాం అని మాత్రమే రాయగలం.

కానీ ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది, మీ సర్ టేబుల్‌లో అది లేదు. నేను ఆ డేటా ఓపెన్ చేశా. అందులో మూడు కాలమ్స్ ఉంటాయి, పొడవు, ఎలా ఇచ్చారు, ఇంకోటి డోస్. రోజుకి 0.5, 1, 2 మిల్లీగ్రాములు, మూడు డోస్‌లు, ఒక్కో డోస్‌లో ఒక్కో పద్ధతికి 10 జంతువులు. మీకిచ్చిన టేబుల్ ఈ మూడు డోస్‌లనీ కలిపి ముద్ద చేసి తీసిన యావరేజ్. యాసిడ్ గ్రూప్‌లో అన్నిటికంటే చిన్నది 4.2, అన్నిటికంటే పెద్దది 33.9, మొత్తం 60లోనూ కనిష్ఠం గరిష్ఠం రెండూ ఈ ఒక్క గ్రూప్‌లోనే ఉన్నాయి, ఎందుకంటే ఆ 4.2 ది 0.5 డోస్, ఆ 33.9 ది 2 డోస్. మీ 8.27 ఎస్డీ అక్కడి నుంచి వచ్చింది, జంతువులు ఒకదానికొకటి అంత తేడాగా ఉండి కాదు.

డోస్ వారీగా విడగొడితే చూడండి.

0.5 డోస్: జ్యూస్ 13.23, యాసిడ్ 7.98, వెల్చ్ టీ 3.17, పీ 0.0064
1 డోస్: జ్యూస్ 22.70, యాసిడ్ 16.77, టీ 4.03, పీ 0.0010
2 డోస్: జ్యూస్ 26.06, యాసిడ్ 26.14, టీ మైనస్ 0.05, పీ 0.96

30 జంతువులతో తేలని తేడా 10 జంతువులతో తేలిపోయింది, అది కూడా ఒకసారి కాదు రెండుసార్లు. శాంపిల్ తగ్గితే పవర్ (ఉన్న తేడాని పట్టుకునే శక్తి) తగ్గాలి కదా అనుకుంటాం, కానీ ఇక్కడ విడగొట్టగానే ఎస్డీలు 6, 8 నుంచి 2.5కీ 4.8కీ మధ్యకి పడిపోయాయి. టీ అంటే పైన తేడా, కింద చెదురు. మనమందరం పైనున్న 3.7నే చూస్తూ కూర్చుంటాం, కింద 1.93లో ఏమేం కలిసున్నాయో చూడం. ఆ కింద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం డోస్ తేడానే, జ్యూస్‌కి యాసిడ్‌కి సంబంధం లేనిది. మాస్టారు చెప్పిన నిద్రమందుల కథ కూడా ఇదే, అక్కడ మనిషి, ఇక్కడ డోస్.


అనుమానాల_పక్షి:

ఆగండాగండి. మొత్తం మీద 0.06 వచ్చింది, నచ్చలేదు, ముక్కలు చేశారు, రెండు ముక్కల్లో సిగ్నిఫికెంట్ వచ్చింది, హుర్రే అన్నారు. దీన్ని పీ హ్యాకింగ్ అంటారు సార్. ఇలా ముక్కలు చేసుకుంటూ పోతే ఏదో ఒక ముక్కలో 0.05 లోపు రాకుండా పోదు. మూడు టెస్టులు చేసినప్పుడు కరెక్షన్ ఏది?


నైట్‌షిఫ్ట్_అనలిస్ట్:

మంచి ప్రశ్న పక్షి గారూ, అడగాల్సిందే. మీరన్నది నేను రిజల్ట్ చూశాక ముక్కలు కనిపెట్టి ఉంటే వర్తిస్తుంది, ఉదాహరణకి గినీ పిగ్ రంగుని బట్టో బోను నంబర్ని బట్టో విడగొట్టి ఏదో దొరికిందని చెప్తే మీరు తిట్టాలి. డోస్ అలాంటిది కాదు, ప్రయోగం చేసినోళ్లే మూడు డోస్‌లు రెండు పద్ధతులు అని ముందే పెట్టుకుని ఒక్కో గడిలో 10 పెట్టారు. డిజైన్‌లో ఉన్నదాన్ని అనాలిసిస్‌లో పెట్టకపోవడమే ఇక్కడ వింత.

కరెక్షన్ కావాలంటే బాన్‌ఫెరోనీ వేయండి, పీలని 3తో గుణిస్తే 0.019, 0.003 అవుతాయి, రెండూ నిలబడ్డాయి. అయినా ముక్కలు చేయడం నచ్చకపోతే అసలు చేయక్కర్లేదు, 60 జంతువుల్నీ ఒకేసారి పెట్టి డోస్‌ని ఫ్యాక్టర్‌గా తీసుకుని టూ వే ఆనోవా (రెండు కారణాల ప్రభావాన్నీ ఒకేసారి విడదీసి చూసే టెస్ట్) చేయండి. నేను చేశా. పద్ధతికి ఎఫ్ 15.57, పీ 0.0002. గమనించండి, పద్ధతుల మధ్య తేడా అదే 3.7, ఒక్క దశాంశం కూడా మారలేదు. మారింది స్టాండర్డ్ ఎర్రర్, 1.93 కాస్తా 0.94 అయింది, అందుకే టీ 1.9 నుంచి 3.95కి పోయింది, దాని వర్గమే ఆ 15.57. ఒకే 3.7ని ఒక టేబుల్ తేల్చలేం అంటుంది, ఇంకో టేబుల్ చాలా గట్టిగా ఉంది అంటుంది.


కాకినాడ_కాజా:

ఆనోవాలో ఇంటరాక్షన్ కూడా చెప్పండి అనలిస్ట్ గారూ, అసలు మజా అక్కడే కదా. డోస్‌కీ పద్ధతికీ ఇంటరాక్షన్ ఎఫ్ 4.11, పీ 0.022. అంటే జ్యూస్ వల్ల లాభం అన్ని డోస్‌లలో ఒకేలా లేదు, తక్కువ డోస్‌లలో 5.25, 5.93 ఉంది, 2 మిల్లీగ్రాముల దగ్గర పోయింది. ఇలాంటప్పుడు సగటున 3.7 ఎక్కువ అనే మాట లెక్క ప్రకారం నిజమే గానీ ఏ ఒక్క డోస్‌కీ సరిపోని మాట. అందుకని పద్ధతి మెయిన్ ఎఫెక్ట్ 0.0002 అని ఒక్కటే హైలైట్ చేసి వదిలేస్తే అదీ సగం కథే.


ఎక్సెల్_వీరుడు:

మరి ఎక్సెల్‌లో వెల్చ్ ఎలా చేయాలి? నాకు మీన్, ఎస్డీ మాత్రమే ఉన్నాయి, రా డేటా లేదు.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

ఎక్సెల్ టీ టెస్ట్ ఫంక్షన్‌కి రా డేటా కావాలి, టైప్ 3 ఇస్తే వెల్చ్. మీన్, ఎస్డీ మాత్రమే ఉంటే కాజా గారు చెప్పినట్టు చేత్తో టీ తీసి, టీ డిస్ట్ టూ టీ అనే ఫంక్షన్‌కి ఇవ్వండి. కాకపోతే అది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో పాయింట్లు తీసుకోదు, 55.309 ఇస్తే 55గా కత్తిరించేస్తుంది, పీలో నాలుగో ఐదో దశాంశంలో తేడా వస్తుంది, కంగారు పడకండి. నెగటివ్ టీ ఇస్తే మాత్రం ఎర్రర్ కొడుతుంది, గుర్తు తీసేసి ఇవ్వాలి.


ఫార్మ్‌డీ_బ్యాక్‌బెంచ్:

అబ్బా, ఒక్క టేబుల్ వెనకాల ఇంత ఉందా. సరే రికార్డులో ఏం రాయాలో ఒక రెండు లైన్లు చెప్పండి, సర్ ఇచ్చిన టేబుల్‌ని వదిలేయలేను కదా. ఇంకో డౌట్ కూడా, 2 మిల్లీగ్రాముల దగ్గర పీ 0.96 వచ్చింది, ఇది దాదాపు 1 కదా, ఇక్కడైనా రెండూ సమానం అని రాయొచ్చా?


నైట్‌షిఫ్ట్_అనలిస్ట్:

మొదటిదానికి ఇలా రాయండి: ఇచ్చిన సమ్మరీ ప్రకారం జ్యూస్ గ్రూప్ మీన్ యాసిడ్ గ్రూప్ కంటే 3.70 ఎక్కువ, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 0.17 నుంచి 7.57, వెల్చ్ టీ 1.91, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 55.3, పీ 0.061, 5 శాతం స్థాయిలో నల్‌ని రిజెక్ట్ చేయడానికి ఆధారం చాలలేదు. దాని కిందే, మూడు డోస్‌లు కలిసిపోవడం వల్ల స్టాండర్డ్ ఎర్రర్ పెరిగింది, డోస్ వారీ ఫలితం ఇది అని రెండో టేబుల్ పెట్టండి. సర్ చెప్పింది చేసినట్టూ ఉంటుంది, మీరు డేటా చూసినట్టూ ఉంటుంది. 0.05 గీత గురించి ఆయన పట్టుబడితే అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన స్టేట్‌మెంట్ చూపించండి, పీ ఒక గీత దాటిందా లేదా అన్న ఒక్కదాని మీదే కంక్లూజన్ పెట్టొద్దని అందులో సూటిగా ఉంది.

0.96 సంగతి మీరు అడిగారు కాబట్టి, అదీ సమానం కాదు. పీ ఒకటికి దగ్గరగా ఉందంటే మీ శాంపిల్స్‌లో తేడా సున్నాకి దగ్గరగా పడింది అని, అంతే. అక్కడ ఇంటర్వెల్ మైనస్ 3.80 నుంచి 3.64 దాకా ఉంది, పది జంతువులే కదా. అంటే జ్యూస్ 3 ఎక్కువైనా, యాసిడ్ 3 ఎక్కువైనా ఈ డేటా కాదనలేదు.


అనుమానాల_పక్షి:

సమానం అని నిజంగా చూపించాలంటే ఈక్వివలెన్స్ టెస్ట్ అని వేరే ఉంది తమ్ముడూ, ఫార్మా వాళ్లే కాబట్టి బయోఈక్వివలెన్స్ అనే మాట మీకు తెలిసే ఉంటుంది, జెనరిక్ మందుల్ని ఒరిజినల్‌తో పోల్చేది ఆ పద్ధతిలోనే. ఎంత లోపు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదో డేటా చూడకముందే చెప్పాలి, తర్వాత ఇంటర్వెల్ మొత్తం ఆ హద్దుల్లో ఇమిడిందా చూస్తారు. దానికి 95 కాదు, 90 శాతం ఇంటర్వెల్ వాడతారు. ఇక్కడ హద్దు ప్లస్ మైనస్ 1 అని పెట్టుకుంటే ఏ ఇంటర్వెల్ తీసుకున్నా ఇమడదు, ప్లస్ మైనస్ 5 అని పెట్టుకుంటే ఇముడుతుంది, కానీ తక్కువ డోస్‌లలో వచ్చిన తేడానే 5 చిల్లర, కాబట్టి 5ని పట్టించుకోనక్కర్లేని తేడా అని ఎవరూ ఒప్పుకోరు.